ఆరేళ్ల తర్వాత నా కార్వెట్ బంపర్: రంగు ఎక్కడ నిలిచింది, ఎక్కడ పగిలింది

నాది 1979 కార్వెట్ (షెవ్రొలే వాళ్ల స్పోర్ట్స్ కారు), వెండి రంగు. ఒళ్లంతా ఫైబర్‌గ్లాసే కానీ ముందూ వెనకా బంపర్ కవర్లు మాత్రం యూరెథేన్, అంటే రబ్బరులా వంగే ప్లాస్టిక్. చేత్తో నొక్కితే లోపలికి పోయి మళ్లీ యథాస్థితికి వస్తాయి. గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దుకున్నా తట్టుకోవాలని అమెరికాలో నిబంధన రావడంతో, 1973లో కార్వెట్ ముందువైపు క్రోమ్ బంపర్ పోయి ఈ మెత్తటి ముక్కు వచ్చింది. 1974లో వెనక బంపర్ కూడా మారింది. మొదట అది రెండు ముక్కలు, మధ్యలో నిలువు అతుకు. 1975 నుంచి ఒకే ముక్క. ఆరేళ్ల క్రితం ముందు కవర్ రంగంతా నేనే తీసి, మళ్లీ నేనే వేసుకున్నాను. అప్పటి నుంచి ఎండలోనూ చలిలోనూ తిప్పుతూనే ఉన్నాను కాబట్టి, ఏది పనిచేసిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

కొన్నప్పుడు ఆ బంపర్ మీద రంగు పెచ్చులుగా లేస్తోంది. ఊడిన పెచ్చు ఒకటి తీసుకుని అంచు చూశాను. అడుగున వెండి రంగు, పైన బూడిద రంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), దాని మీద ఎరుపు, మళ్లీ ప్రైమర్, మళ్లీ వెండి రంగు. అన్నీ కలిపి గోరు మందం. గట్టి ఫెండర్ మీద ఇంత మందం కొన్నాళ్లు నిలుస్తుందేమో కానీ, వంగే వస్తువు మీద నిలవదు. కింద బంపర్ వంగుతుంది, పైనున్న రంగు వంగలేక పగులుతుంది. అందుకే పైపైన రుద్ది రంగు కొట్టే ఆలోచన మానేసి అడుగుదాకా తీయాలనుకున్నాను.

రంగు ఊడదీసే మందును స్ట్రిప్పర్ అంటారు. మెటల్‌కు వాడే మిథిలీన్ క్లోరైడ్ స్ట్రిప్పర్ జోలికి మాత్రం పోకండి. యూరెథేన్ దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. ప్లాస్టిక్ కోసమని ప్రత్యేకంగా అమ్మే స్ట్రిప్పర్ తెచ్చి, ముందు లోపలి అంచున రెండంగుళాల మేర పూసి చూశాను. ఏమీ కాలేదు. మొదటి రోజు పని హాయిగా సాగింది. కొంచెం కొంచెంగా పూయడం, పది నిమిషాలు ఆగడం, రంగు ముడతలు పడగానే ప్లాస్టిక్ పలకతో గీకడం, వెంటనే సబ్బునీళ్లతో కడగడం. రెండో రోజు ఎడమ మూలకు పూశాక ఫోన్ వచ్చింది. మాటల్లో పడి అరగంట దాటింది. వచ్చి తుడిస్తే రంగుతోపాటు కింది యూరెథేన్ కూడా మెత్తబడింది. వేలు ఆనిస్తే వేలిముద్ర దిగింది, చేతికి బంకలా అంటుకుంది. గుండె గుభేల్‌మంది. ఇక ముట్టుకోకుండా గాలికి వదిలేస్తే వారానికి గట్టిపడింది. కానీ అక్కడ చిన్న గుంట మిగిలిపోయింది. దాని కథ తర్వాత చెబుతాను.

ఆ దెబ్బతో పద్ధతి మార్చాను. స్ట్రిప్పర్‌తో పై పొరలే తీసి, చివరి పొరను 180 నంబరు ఎమ్రీ పేపర్‌తో చేత్తో రుద్దాను, 320తో ముగించాను. మూడు సాయంత్రాలు పట్టింది. త్వరగా అవుతుందని ఇంకా గరుకైన 80 నంబరు వాడితే యూరెథేన్ మీద నూగు లేస్తుంది, ప్రైమర్ కొట్టాక అది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. హీట్ గన్ పెడితే కవర్ వంకర పోతుంది. ఇసుకతో కొట్టించడం అసలే వద్దు. అంతా కడిగాక పది రోజులు ఆరబెట్టాను, ఎందుకంటే లోపల ఇంకిన సాల్వెంట్ పోకముందే ప్రైమర్ వేస్తే అది బుడగలుగా పైకి వస్తుంది.

మీ కారులో ఉన్నది ఏ ప్లాస్టిక్కో ముందు తెలుసుకోండి. వెనక వైపు నుంచి చిన్న తునక కోసి నీళ్లలో వేస్తే, పాలీప్రొపిలీన్ రకమైతే తేలుతుంది, యూరెథేన్ అయితే మునుగుతుంది. తేలే రకానికి రంగు పట్టాలంటే అడ్హీషన్ ప్రమోటర్ అనే అంటుకునే పూత ముందు వేయడం తప్పనిసరి. నాది మునిగింది, కాబట్టి ఆ పని తప్పింది.

ఇక అందరూ అడిగే ఫ్లెక్స్ అడిటివ్, అంటే ఆరాక కూడా పూత వంగేలా పెయింట్‌లో కలిపే ద్రవం. ప్రైమర్‌లోనూ, పైన వేసే పారదర్శకమైన క్లియర్ కోట్‌లోనూ డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపాను, అసలు రంగు ఉండే బేస్ కోట్‌లో కలపలేదు. ఫెండర్లకూ బంపర్‌కూ ఒకే డబ్బాలో కలిపిన బేస్‌ను ఒకే రోజు కొట్టాను. ఆ కాలపు కార్వెట్లలో బంపర్ ఒక ఛాయ, ఒళ్లు ఒక ఛాయ కనబడడం పాత ఫిర్యాదే. పైగా వెండి రంగులో ఆ తేడా ఇట్టే పట్టేస్తుంది. నాకు మాత్రం ఈ రోజుకీ రెండూ ఒక్కలాగే ఉన్నాయి. హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే ఇలాంటి పెయింట్లలో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్క్ లేకపోతే స్ప్రే గన్ పట్టకండి. ఈ ఒక్క విషయంలో నేను ఏ రాజీ పడలేదు.

ఆరేళ్ల ఫలితం చెబుతాను. ముక్కు మధ్య భాగం, కుడి మూల, కింది పెదవి, ఎక్కడా పగులు లేదు. పార్కింగ్‌లో ఒకసారి ఎవరో వెనక్కి తీస్తూ గుద్దారు. కవర్ లోపలికి వెళ్లి వచ్చింది, రంగు మీద గీత పడింది తప్ప పెచ్చు లేవలేదు. ఎడమ మూల మాత్రం మూడో చలికాలంలో వెంట్రుకవాసి పగుళ్లు ఇచ్చింది. స్ట్రిప్పర్ చేసిన గుంటను కప్పడానికి అక్కడ ప్రైమర్ ఐదారు పూతలు ఎక్కించాను. అదే డబ్బా, అదే అడిటివ్, అదే రోజు. తేడా ఒక్క మందమే. అందుకే అడిటివ్ మీద నాకు కోపం లేదు, అతి నమ్మకం కూడా లేదు. అది కలిపామన్న ధీమాతో పూతలు పెంచితే కాపాడదు.

ఇంకో మాట. పాత యూరెథేన్ మీద ఉండే అలల్లాంటి వంకరలు ఈ పనితో పోవు. అవి ప్రైమర్‌తో నింపాల్సినవి కావు. అంత నున్నగా కావాలంటే కొత్త కవర్ కొనాలి. కొందరు గట్టి ఫైబర్‌గ్లాస్ కవర్లు బిగించుకుంటారు. చూడ్డానికి అద్దంలా ఉంటాయి కానీ చిన్న దెబ్బకే చిట్లుతాయి. నేను అలలతోనే ఉంచుకున్నాను.

ఈ మధ్యే ఆ ఎడమ మూల ఒక్కటి మళ్లీ అడుగుదాకా తీశాను, ఈసారి స్ట్రిప్పర్ లేకుండా, ఎమ్రీ పేపర్‌తోనే. గుంటను సెమీ రిజిడ్ (గట్టిపడ్డాక కూడా కొంచెం వంగే) బంపర్ రిపేర్ మెటీరియల్‌తో నింపి, రుద్ది, రెండే రెండు పల్చటి పూతల ప్రైమర్ వేశాను. పక్క నుంచి వెలుతురు పడితే గుంట ఉన్న చోటు లీలగా తెలుస్తోంది. అలాగే ఉండనిచ్చి రంగు కొట్టేశాను.