సింగపూర్ క్రూయిజ్ గ్రూప్ ప్యాకేజీ కొంటున్నారా? బుకింగ్ నంబర్ చేతికి రాకుండా బ్యాలెన్స్ కట్టొద్దు

దసరాకీ, డిసెంబర్ సెలవులకీ సింగపూర్ క్రూయిజ్ గ్రూపుల పేరుతో అడ్వాన్సులు కట్టించుకోవడం విజయవాడలో మళ్లీ మొదలైంది. మా పేట వాట్సాప్ గ్రూపులో రోజుకో పాంప్లెట్ వస్తోంది. అన్నిటి మీదా ఒకటే మాట: పూర్తి తెలుగు గ్రూప్, తెలుగు కోఆర్డినేటర్, ఇండియన్ ఫుడ్ గ్యారంటీ, అన్నీ కలిపే రేటు. సరిగ్గా ఇలాంటి ప్యాకేజీనే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో కొని మేమిద్దరం, అత్తయ్యగారు, పాప వెళ్లొచ్చాం. ఆఫీసు పేరు రాయడం లేదు. ఇది వాళ్లొక్కళ్ల పద్ధతి కాదు. గుంటూరు అరండల్‌పేటలో ఇంకెవరి దగ్గరో కొన్న మా ఆడపడుచు వాళ్లకీ ఇంచుమించు ఇదే జరిగింది.

ముందే చెబుతున్నాను, షిప్ మీద నాకు ఫిర్యాదు లేదు. గది శుభ్రంగా ఉంది, పనివాళ్లు మర్యాదగా ఉన్నారు. నా ఫిర్యాదంతా ఇక్కడ విజయవాడలో డబ్బు తీసుకున్నవాళ్ల మీదే. ముఖ్యంగా, వాళ్లు చేసిన లోటుని "ఫారినర్సు అంతేనండీ, మనల్ని చిన్నచూపు చూస్తారు" అంటూ షిప్ మీదకీ తోటి ప్రయాణికుల మీదకీ నెట్టేసిన తీరు మీద.

భోజనాల దగ్గర ఏం జరిగిందో వివరంగా చెబుతాను. ఇలాంటి పెద్ద షిప్పుల్లో మెయిన్ డైనింగ్ హాల్లో రాత్రి భోజనం టికెట్‌లోనే ఉంటుంది. మన పెళ్లిళ్లలో లాగే రెండు బంతులు: ఆరు ప్రాంతంలో ఒకటి, ఎనిమిది దాటాక ఇంకొకటి. ఏది కావాలో బుకింగ్ చేసేటప్పుడే అడగొచ్చు. అత్తయ్యగారికి షుగర్, ఇన్సులిన్ వేసుకుంటారు. ఏడులోపు తినాలని ఆఫీసులో నేనే చెప్పాను. "టెన్షన్ పడకండి మేడమ్, రాసుకున్నాం" అన్నారు. తీరా మొదటి రాత్రి మా గ్రూపు మొత్తాన్ని ఆ హాలుకి కాకుండా, ఇంకో డెక్ మీద మీటింగులు పెట్టుకునే గదికి తీసుకెళ్లారు. అప్పటికే తొమ్మిది దాటింది. గోడ పక్కన బల్లలు, స్టీలు మూతల కింద పనీర్ బటర్ మసాలా, రాజ్మా, జీరా రైస్, గట్టిపడిపోయిన నాన్. ఇండియన్ అంటే పనీర్ అని ఎవరు తీర్మానించారో గానీ, గుంటూరు, తెనాలి, బందరు వైపు మనుషులకి పప్పు లేదు, పెరుగు లేదు, చివరికి తెల్లన్నం కూడా లేదు. చేపలు, కోళ్లు తినేవాళ్లే సగానికి పైగా ఉన్నారు ఆ గదిలో. అత్తయ్యగారు బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి, నీళ్లలో ముంచుకుని తిన్నారు.

ఎందుకిలా అని అడిగితే కోఆర్డినేటర్ కుర్రాడు గొంతు తగ్గించి, "ఏం చేస్తాం మేడమ్, మన మసాలా వాసన వాళ్లకి పడదు. ఇండియన్స్ పక్కన కూర్చుని తినడానికి ఇష్టపడరు. అందుకే మనల్ని వేరే పెడతారు" అన్నాడు. ఆ మాటకి అందరికీ ఒళ్లు మండిపోయింది. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, "లక్షలు పోసి వచ్చాం, మనమేమన్నా అంటరానివాళ్లమా" అని గట్టిగానే అరిచారు. (ఈయన గురించి మళ్లీ చెబుతాను.) అక్కడి నుంచి గ్రూపంతా షిప్‌లో ఎదురైన ప్రతి తెల్లాయన్నీ, ప్రతి చైనీస్ కుటుంబాన్నీ అదే కోపంతో చూడటం మొదలుపెట్టింది.

పొద్దున్నే నేను గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్లాను. ఫిలిప్పీన్స్ అమ్మాయి. మా రూమ్ కార్డు తీసుకుని, మా బుకింగ్ తెరిచి, స్క్రీన్ నా వైపు తిప్పింది. ఏజెంటు అడిగిన ప్రకారం ప్రైవేట్ గ్రూప్ డిన్నర్, రాత్రి 9.15 అని ఉంది. షుగర్ గురించి, ఇన్సులిన్ గురించి ఒక్క ముక్క లేదు. మెయిన్ హాల్లో ఆరింటి బంతిలో ఖాళీ ఉందా అని అడిగితే ఉందని చెప్పి, అప్పటికప్పుడు మార్చేసింది. వెజిటేరియన్ ఇండియన్ భోజనం కావాలంటే ముందురోజు రాత్రే వెయిటర్‌తో చెబితే చేసి పెడతారని కూడా చెప్పింది. ఆ సాయంత్రం మా బల్ల దగ్గరికి వచ్చిన వెయిటర్ గోవా అబ్బాయి. అత్తయ్యగారికి అన్నం, పప్పు, ఉడికించిన కూరలు ఆరున్నరకల్లా వచ్చాయి. పక్క బల్ల మీద ఆస్ట్రేలియా దంపతులు. వాసన పడక లేచిపోలేదు సరికదా, ఆ పప్పు పేరేమిటని అడిగారు.

అంటే మమ్మల్ని విడిగా కూర్చోబెట్టింది బెంజ్ సర్కిల్ ఆఫీసు. ఇండియన్ ఫుడ్ గ్యారంటీ అని అమ్మారు కాబట్టి అందరినీ ఒకే గదిలో పెట్టి ఒకే కూర వడ్డిస్తే వాళ్ల పని సులువు, తలలు లెక్కపెట్టుకోవడమూ సులువు. మరి అడిగినవాళ్లకి ఏం చెప్పాలి? జాతి వివక్ష అని చెబితే ఎవరూ మళ్లీ అడగరు. అవమానం మింగి ఊరుకుంటారు, లేదా ఎదుటివాణ్ని తిట్టుకుంటారు. ఏజెంటు మాత్రం సేఫ్. నాకు ఇందులో అన్నిటికన్నా దుర్మార్గంగా అనిపించింది ఇదే.

బట్టల విషయంలోనూ ఇదే వరస. బయలుదేరే ముందు గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు: ఫార్మల్ నైట్‌కి ఆడవాళ్లు గౌన్లు తెచ్చుకోవాలి, చీరలైతే హాల్లోకి రానివ్వరు. కింద ఒక బొటిక్ నంబర్. (వాళ్ల చుట్టాలదే అని తర్వాత తెలిసింది లెండి.) అరవై దాటిన ఆడవాళ్లు కూడా పాపం ఆ గౌన్లు కుట్టించుకున్నారు. అత్తయ్యగారు మాత్రం వినలేదు, మంగళగిరి పట్టు చీరే కట్టుకున్నారు. తలుపు దగ్గర నిలబడిన సిబ్బంది నమస్కారం పెట్టి లోపలికి పంపించారు. ఫార్మల్ నైట్ అంటే వేడుకకి తగ్గ బట్టలు, అంతే. ఏ దేశం వాళ్లైనా తమ సంప్రదాయం ప్రకారం వేసుకోవచ్చు. గౌనులో ఇబ్బందిపడుతూ చున్నీ కప్పుకుని కూర్చున్న ఒకావిడ అత్తయ్యగారి చీర వైపు చూస్తూనే ఉంది.

ఇక టిప్పులు. "అన్నీ కలిపే" అన్న రేటులో సర్వీస్ ఛార్జీ లేదు. షిప్ కంపెనీని బట్టి మారుతుంది గానీ, చాలావాటిలో మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా మన బిల్లులో వాళ్లే వేసేస్తారు, పిల్లలకి కూడా. నలుగురున్న ఇంటికి మూడు రాత్రులకి సుమారు 190 నుంచి 240 డాలర్లు అనుకోండి. చివరి రాత్రి ఆ బిల్లు చూసి గ్రూపంతా గొల్లుమంది. కోఆర్డినేటర్ తాపీగా, "కౌంటర్‌కి వెళ్లి తీసేయమనండి, మనవాళ్లందరూ అలాగే తీయించేస్తారు" అన్నాడు. కౌంటర్ ముందు మన గ్రూపే బారులు తీరింది. వెనక నిలబడ్డవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం నేను కళ్లారా చూశాను. ఇండియన్స్ టిప్పు ఇవ్వరన్న ముద్ర ఇలాగే పడుతుంది. ఆ డబ్బు పక్కలు సర్దిన కుర్రాడికీ, ప్లేట్లు తీసిన అమ్మాయికీ వెళ్లేది. రేటులో ముందే కలిపి చెప్పి ఉంటే ఎవరూ ఆ వరసలో నిలబడేవాళ్లు కాదు. మా ఆయనకీ నాకూ అక్కడే చిన్న గొడవైంది, చివరికి కట్టేశాం.

షిప్‌లో చిన్నచూపు అసలు లేదని నేననను. లిఫ్టు తెరుచుకోగానే మమ్మల్ని చూసి, "అబ్బ, ఇండియన్ గ్రూపు" అని ఇంగ్లిష్‌లో మొగుడితో గొణిగి ఎక్కకుండా ఆగిపోయిన ఆవిడ ఉంది. అలాంటి చూపు వెనక కథలు కూడా ఉన్నాయి. 2018 సెప్టెంబర్‌లో సిడ్నీ నుంచి బయలుదేరిన ఒక షిప్‌లో మన దేశపు కంపెనీ ఒకటి సుమారు 1300 మంది ఉద్యోగుల్ని తీసుకెళ్లింది. వాళ్లు బఫేలనీ, బార్లనీ ఆక్రమించారని, ఈత కొలను దగ్గర ఆడవాళ్లని ఫోన్లలో వీడియోలు తీశారని మిగతా ప్రయాణికులు గోల చేస్తే, షిప్ వాళ్లు డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. పత్రికలన్నీ రాశాయి. ఆ మచ్చని మనం వెళ్లిన ప్రతిచోటా మోస్తున్నాం. అందుకే పెద్ద గ్రూపుగా అమ్మేవాళ్లకి బాధ్యత ఎక్కువ ఉండాలి. మా కోఆర్డినేటర్ చేసిందేమిటంటే, పొద్దున్నే లేచి తువ్వాళ్లు వేసి కొలను పక్క కుర్చీలన్నీ పట్టేసుకోమని సలహా ఇవ్వడం.

మనవాళ్లు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. బఫే వరసలో మా గ్రూపు కుర్రాళ్లు ముందున్న ఒక చైనీస్ అమ్మాయి మాటని వెక్కిరిస్తూ, "వీళ్లు పాములు కూడా వదలర్రా" అని పకపకా నవ్వారు. వాళ్ల వెనక నల్లగా, సన్నగా ఒక ముసలాయన ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తమిళాయన అనుకున్నాం. ఆయన నెమ్మదిగా, శ్రీకాకుళం యాసలో, "బాబూ, ఆ అమ్మాయి నా కోడలు" అన్నాడు. మలేషియా తెలుగువాళ్లట. రబ్బరు తోటల్లో పనికి ఆయన తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబం. కుర్రాళ్లలో ఒకడు సారీ చెప్పాడు, మిగతావాళ్లు ప్లేట్లు అక్కడే పెట్టేసి జారుకున్నారు. ఆ షిప్పులు పినాంగ్, పోర్ట్ క్లాంగ్ వైపు వెళతాయి. మలేషియాలో తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు. మన భాష ఎవరికీ అర్థం కాదనుకుని నోరు పారేసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

తెనాలి పెద్దాయన సంగతి చెబుతానన్నాను కదా. మా గ్రూపులో ఒంటరిగా వచ్చిన ఒక టీచరు గారు ఉన్నారు. ఇద్దరు పంచుకునే ట్విన్ షేరింగ్ గదికి ఆవిడ డబ్బు కట్టినప్పుడు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "మీరేమిట్లండీ? గదిలో జోడీ చూడాలి కదా" అని కులం అడిగారట. ఆవిడ చెప్పనన్నారు. దాంతో తోడు దొరకలేదంటూ సింగిల్ గది ఛార్జీ అదనంగా వసూలు చేశారు. ఈ మాట ఆవిడ బల్ల దగ్గర చెబుతుంటే, మొదటి రాత్రి "అంటరానివాళ్లమా" అని అరిచిన పెద్దాయనే, "అడగడంలో తప్పేముందమ్మా, ఎవరి పద్ధతులు వాళ్లవి" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను అన్నాను గానీ ఆయన వినలేదు.

డబ్బు కట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది. షిప్ కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబర్ అడగండి. ఏజెంటు ప్రింట్ తీసి ఇచ్చే ఐటినరీ కాదు, కంపెనీ నంబర్. దాన్ని ఆ కంపెనీ యాప్‌లో మీ పేరు, పుట్టిన తేదీతో కొడితే గది రకం, భోజనం టైమ్, సర్వీస్ ఛార్జీ ముందే కట్టారా లేదా లాంటివి చాలావరకు కనిపిస్తాయి. ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆగిపోండి. షుగర్, బీపీ, వీల్‌చైర్, భోజనం అలవాట్లు ఫోన్లో చెప్పి ఊరుకోకుండా వాట్సాప్‌లోనో మెయిల్లోనో రాసి పెట్టి, జవాబు రాయించుకోండి. కులం అడిగితే అది కూడా మెసేజ్‌లో అడగమనండి, అడగరు. రైస్ కుక్కర్లు, ఎలక్ట్రిక్ కెటిళ్లు షిప్ ఎక్కనివ్వరు, మంటల భయం. ఇంట్లో వండినవీ ఒప్పుకోరు. ఇవేవీ మాకు చెప్పలేదు, సెక్యూరిటీ దగ్గర మన సూట్‌కేసులే వరసగా తెరిపించారు.

ఇంకొకటి. షిప్ కదలకముందే, ప్రమాదం వస్తే ఏం చేయాలో చెప్పే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. "అది ఫార్మాలిటీ, మీరు రెస్ట్ తీసుకోండి" అన్నాడు మా కోఆర్డినేటర్. కాసేపటికి రాని గదుల నంబర్లు మైకులో చదివారు, దాదాపు అన్నీ మనవే. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా షిప్ రాయికి గుద్దుకుని ఒరిగిపోతే 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కిన వాళ్లకి అప్పటికి డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్ పెట్టాలని నిబంధన మార్చారు. ఎవడు వద్దన్నా వెళ్లండి.

మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఆఫీసు వాళ్లు వచ్చే ట్రిప్పులో డిస్కౌంట్ ఇస్తామంటున్నారు, డబ్బు మాత్రం తిరిగి ఇచ్చేది లేదంటున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు. విజయవాడలోనూ ఉంది, గుంటూరులోనూ ఉంది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. రెండేళ్లలోపు వేయాలి. టీచరు గారూ మేమూ కలిసి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. పాంప్లెట్, రసీదు, వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు అన్నీ ఉన్నాయి. మాలాగే వెళ్లొచ్చినవాళ్లు మీ దగ్గరున్నవి పారేయకండి. డిసెంబర్ బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టేసినవాళ్లు ఈ వారంలోనే బుకింగ్ నంబర్ అడగండి. తేదీ దగ్గరపడే కొద్దీ క్యాన్సిలేషన్ కోత పెరుగుతుంది.