ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ ఆడకపోతే: స్కానరా, డైరెక్ట్ కరెంటా, మల్టీమీటరా?

"పొద్దున చూస్తే కారు చతికిలబడి ఉంది, స్టార్ట్ చేసినా లేవట్లేదు. షెడ్డులో స్కానర్ పెట్టి కంప్రెసర్ పోయిందన్నారు. మార్చేయమంటారా?" పాత మెర్సిడెస్, ఆడి క్యూ7, డిస్కవరీ 3 లాంటివి సెకండ్ హ్యాండులో కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. ఈ కార్లు గాలి నింపిన స్ప్రింగుల మీద నిలబడతాయి, ఆ గాలి నింపే మోటారు పంపే కంప్రెసర్. దాని ఖరీదు తక్కువేం కాదు. కాబట్టి లోపం మోటారులో ఉందా, మోటారుకు కరెంటు తెచ్చే దారిలో ఉందా అన్నది ముందు తేలాలి. అది తేల్చడానికి వాడుకలో మూడు పద్ధతులున్నాయి. స్కానర్‌తో కోడ్ చదవడం ఒకటి, బ్యాటరీ నుంచి కంప్రెసర్‌కు నేరుగా కరెంటు ఇచ్చి చూడటం ఇంకొకటి, కంప్రెసర్ తిరుగుతుండగానే మల్టీమీటరుతో ఓల్టేజి ఎక్కడ పోతోందో కొలవడం మూడోది. నా ఓటు మూడోదానికే.

ముందు ఒక హెచ్చరిక. గాలి మీద నిలబడిన కారు ఏ క్షణమైనా కిందికి దిగిపోవచ్చు. స్టాండ్లు పెట్టకుండా దాని కింద తల కూడా పెట్టొద్దు.

స్కానర్ చాలా చెప్తుంది, కానీ ఎక్కువగా ఫలితాన్నే చెప్తుంది. డిస్కవరీ 3లో తరచూ కనిపించే సీ1ఏ20 కోడ్‌నే తీసుకోండి. గాలి నిల్వ ఉండే ట్యాంకును నింపేటప్పుడు ప్రెషర్ పెరగాల్సినంత వేగంగా పెరగడం లేదని దాని అర్థం. కంప్రెసర్ లోపలి పిస్టన్ రింగు అరిగినా ఆ కోడే వస్తుంది, ఎక్కడో గాలి లీకైనా అదే వస్తుంది. కనెక్టరులో చిలుము పట్టి మోటారుకు ఓల్టేజి సరిగా అందకపోయినా అదే. కోడ్ చూసి కంప్రెసర్ మారిస్తే, మూడో సందర్భంలో కొత్త కంప్రెసర్ మీద కూడా అదే కోడ్ తిరిగొస్తుంది. పైగా కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టే, చవకగా దొరికే ఓబీడీ డాంగిల్స్ చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి. సస్పెన్షన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌తో, అంటే సస్పెన్షన్ మాడ్యూల్‌తో మాట్లాడే స్కానర్ వేరే కావాలి.

అయితే ఒకచోట స్కానర్‌ను మించింది లేదు. కంప్రెసర్‌కు కరెంటు కలిపే స్విచ్ రిలే; దాని లోపలి కాయిల్‌కు కరెంటు అందితే కాంటాక్టులు కలుస్తాయి. ఆ రిలే కాయిల్‌కు మాడ్యూల్ నుంచి ఆర్డరే రాకపోతే కారణం స్కానరే చెప్పాలి. కంప్రెసర్ వేడెక్కిందని మాడ్యూల్ ఆపి ఉండొచ్చు, కారు ఎత్తును కొలిచే హైట్ సెన్సర్ పోయి ఉండొచ్చు, బ్యాటరీ ఓల్టేజి తక్కువై ఉండొచ్చు. కొన్ని కార్లలో తలుపు తెరిచి ఉన్నా సస్పెన్షన్ కదలదు.

డైరెక్ట్ కరెంటు పద్ధతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. కారు వైరింగు నుంచి కంప్రెసర్ కనెక్టర్ ఊడదీసి, 30 ఆంపియర్ల ఫ్యూజు మధ్యలో పెట్టి, కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో పది సెకన్లు మాత్రమే ఇవ్వాలి. తిరిగితే మోటారు బతికుందని అర్థం, అంతే. వైరింగు గురించి ఇది ఒక్క ముక్కా చెప్పదు. పక్క రిలే తీసి ఇందులో పెట్టి చూడటమూ అలాంటిదే. పిన్నులు, ఆంపియర్లు ఒకటే అయితే చూడండి, నష్టం లేదు.

ఇక మీటరు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కనెక్టర్ ఊడదీసి ఓల్టేజి చూడటం. 12.6 కనిపించగానే "కరెంటు వస్తోంది, మోటారే పోయింది" అనేస్తారు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12.6 చూపిస్తుంది. కారణం, మీటరు లాగే కరెంటు లేశమే. కంప్రెసర్ అలా కాదు, రకాన్ని బట్టి 15 నుంచి 30 ఆంపియర్ల దాకా లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఆ ఒక్క పోగు ఆ భారం మోయలేదు. ఓమ్స్‌లో పెట్టి కొలిచినా ఉపయోగం లేదు. దారిలో 0.1 ఓమ్ నిరోధం చాలు, 25 ఆంపియర్ల దగ్గర 2.5 ఓల్టులు మాయమవడానికి. మామూలు మీటరు వైర్లకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది. అందులో 0.1ని ఎక్కడ వెతుకుతాం? 14 ఓల్టులు అందాల్సిన మోటారుకు 11.5 అందితే వేగం దాదాపు ఐదో వంతు పడిపోతుంది. ట్యాంకు నిండటం ఆలస్యమవుతుంది, మాడ్యూల్ కోడ్ రాసేస్తుంది. లోపం వైరుదైనా నింద కంప్రెసర్ మీద పడేది ఇలాగే.

కొలిచే తీరు ఇది. ఇంజన్ ఆన్‌లో ఉంచండి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 ఓల్టులు ఉండాలి. కారును కిందికి దించి మళ్లీ పైకి లేపమని స్విచ్ నొక్కితే కంప్రెసర్ మొదలవుతుంది. మీటరు డీసీ ఓల్టులలో పెట్టి, ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల వైరు కంప్రెసర్ ప్లస్ పిన్నుకు పట్టండి. పిన్నును కనెక్టర్ వెనక నుంచి, రబ్బరు సీలు పక్కగా సన్నని సూదితో అందుకోవాలి. వైరు తొడుగుకు కన్నం పెట్టొద్దు. ఆ కన్నంలోంచి నీళ్లు దిగి, వచ్చే వానాకాలానికి అక్కడే రాగి పచ్చబడుతుంది. మీటరు చూపించేది దారిలో పోయిన ఓల్టేజి. 0.5 లోపు ఉంటే ప్లస్ దారి బాగున్నట్టే. తర్వాత కంప్రెసర్ ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలవండి. అక్కడ 0.3 దాటకూడదు. ఎక్కువమంది ఈ రెండో కొలత తీయరు. కంప్రెసర్ చాలా కార్లలో బురద చిమ్మే చోటే ఉంటుంది కాబట్టి బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు సర్వసాధారణం.

ప్లస్ వైపు 0.5 దాటిందా, ముక్కలు ముక్కలుగా వెనక్కి రండి. ఫ్యూజుకు అటూ ఇటూ, రిలే 30, 87 పిన్నుల మధ్య (బ్యాటరీ కరెంటు వచ్చేది 30కి, కంప్రెసర్‌కు వెళ్లేది 87 నుంచి), రిలే నుంచి కనెక్టర్ దాకా కొలవండి. ఒక్కో జాయింటు దగ్గర 0.1 ఓల్టు మించకూడదు. నాకు ఎక్కువ అనుమానం రిలే మీదే ఉంటుంది. కాంటాక్టులు మాడి 30, 87 మధ్య 1 ఓల్టు పోతోందనుకోండి. 25 ఆంపియర్లతో గుణిస్తే 25 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఉండేంత వేడి అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బాలో పుడుతోందన్నమాట. రిలే తీసి చూస్తే కాలు నీలంగానో నల్లగానో మారి, గూటి ప్లాస్టిక్ కరిగి ఉండటం అందుకే. అప్పుడు రిలే ఒక్కటే మారిస్తే చాలదు, పట్టు సడలిన ఆ గూటి పిన్నునూ మార్చాలి. "టిక్కుమంటోందిగా, రిలే బాగుంది" అనే మాట నమ్మొద్దు. టిక్కు కాయిల్‌ది, కరెంటు మోసేది కాంటాక్టు. ఇదే కాంటాక్టు అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది.

అసలు తిరగడమే లేదంటే, స్విచ్ నొక్కి ఉంచి, కనెక్టర్ ఊడదీయకుండా కంప్రెసర్ రెండు పిన్నుల మధ్యే కొలవండి. 12 పైన ఉండి మోటారు కదలకపోతే మోటారుదే తప్పు, ఎక్కువగా మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు. సున్నా అయితే రిలే కాయిల్ పిన్నులు 85, 86 చూడండి. అక్కడ 12 వచ్చి 87లో రాకపోతే, ముందు 30లో బ్యాటరీ కరెంటు ఉందో లేదో చూడండి. లేకపోతే ఫ్యూజు, ఉంటే రిలే. 85, 86 దగ్గరే ఏమీ రాకపోతే అప్పుడు స్కానర్ తీయండి.

వైరు చుట్టూ పట్టి అందులో పోయే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు ఉంటే ఇంకా సులువు, కానీ అది డీసీ కొలిచేదై ఉండాలి. ఇళ్ల వైరింగు పనికి వాడే చాలా క్లాంపులు ఏసీవే, కారులో సున్నా చూపిస్తాయి. కరెంటు 40 దగ్గర నిలిచిపోయి మోటారు మూలుగుతుంటే అది పట్టేసినట్టు. కరెంటు తక్కువగా ఉండి మోటారు చకచకా తిరుగుతూ గాలి మాత్రం నిండకపోతే లోపం కరెంటుది కాదు, రింగుదో లీకుదో. ఫ్యూజు పదే పదే పోతోందని పెద్దది మాత్రం పెట్టొద్దు. 40 బదులు 60 పెడితే కాలేది వైరింగే.

చివరికి కంప్రెసరే మార్చాల్సి వస్తే రిలే కూడా కొత్తది వేయండి. చావబోయే మోటారు లాగిన అధిక కరెంటునంతా మోసింది పాతదే. ఎయిర్ స్ప్రింగుల మీద సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడండి. లీకున్న కారులో కొత్త కంప్రెసర్ కూడా రోజంతా తిరిగి అలాగే పోతుంది. బిగించిన రోజే ప్లస్, ఎర్త్ కొలతలు రెండూ తీసి ఫ్యూజు బాక్సు మూత లోపల రాసి పెట్టండి. వానాకాలం పోయాక అవే కొలతలు మళ్లీ తీసి చూస్తే, కారు చతికిలబడక ముందే చిలుము ఎక్కడ మొదలైందో దొరుకుతుంది.