కరోనా రెండేళ్లలో మా ఇల్లు కట్టిన మేస్త్రి గారి పని మీద నా రివ్యూ

మా మేస్త్రి గారి పని ఎలా ఉందని సంగారెడ్డిలో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లు తరచూ అడుగుతున్నారు. గోడలు, స్లాబ్ గురించి మాత్రమే అయితే ఒక్క మాటలో చెప్పొచ్చు: గట్టిగా ఉన్నాయి, ఎక్కడా కారడం లేదు. కానీ ఆయన మా ఇల్లు కట్టింది 2020, 2021లో. ఆ కాలంలో ఆయన పని నడిపిన తీరు కూడా చెప్తేనే ఈ రివ్యూకి అర్థం. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగు 1,500 రూపాయలకి ఒప్పుకున్నారు. కింది అంతస్తు స్లాబ్ పోసి నీళ్లు కడుతుండగా మార్చిలో లాక్‌డౌన్ పడింది. స్లాబ్ కింద షీట్లు, జాకీలు బిగించి విప్పే సెంట్రింగ్ పనివాళ్లు బీహార్ వాళ్లు, కొంచెం దూరంలో అద్దె గదిలో ఉండేవాళ్లు. బయటికి వస్తే పోలీసులు ఆపుతున్నారు. స్లాబ్ కింద షీట్లు, జాకీలు అలాగే ఉండిపోయాయి. అవి కిరాయి సామాను, పని జరిగినా జరగకపోయినా రోజు లెక్కన కిరాయి పడుతుంది. మేస్త్రి గారు సామాను ఓనర్‌తో మాట్లాడి లాక్‌డౌన్ రోజులకి సగం కిరాయికి ఒప్పించారు. ఆ సగం కూడా మా దగ్గర తీసుకోలేదు. సైట్ షెడ్డులో ఉన్న పాలమూరు జంటలతో క్యూరింగ్ (స్లాబ్‌కి నీళ్లు పట్టడం) ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. పైకి తేలిన పిల్లర్ల రాడ్లకి తుప్పు పట్టకుండా సిమెంట్ పాలు పూయించారు. మిగిలిన సిమెంట్ బస్తాలు గడ్డ కట్టకముందే పక్క వీధిలో ఇంకొకరికి ఇచ్చేసి, ఆ డబ్బు మా లెక్కలో జమ వేశారు.

ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం కూలీల విషయంలో. పని లేని వారాల్లో కూడా ప్రతి ఆదివారం ఖర్చీ ఇచ్చారు. పూర్తి కూలి కాదు, ఇల్లు గడిచేంత. ప్రభుత్వం వలస కూలీలకి ప్రకటించిన 12 కిలోల బియ్యం, 500 రూపాయలు వాళ్లకి అందేదాకా అధికారుల చుట్టూ తిరిగారు. మాకు దగ్గర్లోనే కందిలో, ఐఐటీ క్యాంపస్‌లో పనిచేసే వలస కూలీలు రావలసిన కూలి ఇవ్వాలని, ఊళ్లకి పంపాలని ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వలస కూలీలని ఊళ్లకి చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది కదిలింది. ఆ వార్త విన్న దగ్గర్నుంచి మా సెంట్రింగ్ వాళ్లకీ ఇంటి మీదే ధ్యాస. 'పని మధ్యలో ఎలా పోతారు' అని ఆయన ఒక్కరినీ ఆపలేదు. మా వరండాలో కూర్చుని, పుస్తకం తీసి, ఒక్కొక్కరి బాకీ రూపాయితో సహా తేల్చారు.

"పైసలు ఆపుకుంటే వాళ్లు మళ్లొస్తరా టీచరమ్మా? ఇచ్చి పంపితేనే వస్తరు" అన్నారు నాతో.

దసరా దాటాక వాళ్లలో చాలామంది తిరిగి వచ్చారు. అదే సమయంలో మా కాలనీలో రెండు ఇళ్లు సెంట్రింగ్ వాళ్లు దొరక్క ఆగిపోయి ఉన్నాయి. వాళ్లు వచ్చేలోపు పాలమూరు వాళ్లతోనే గోడలు లేపించడం వల్ల మాకు పోయిన కాలం కొంత కలిసొచ్చింది.

తర్వాత ఇనుము. మొదట కిలో నలభై చిల్లరకి కొన్న రాడ్లు 2021 నాటికి అరవై దాటాయి. ధర పెరిగితే ఎవరు భరించాలో మా ఒప్పందంలో లేదు. ఆయన పాత బిల్లు, కొత్త బిల్లు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. తేడాలో చెరి సగం అనుకున్నాం. బిల్లు చూపించకుండా 'రేట్లు పెరిగినయ్' అని లక్షలు అడిగిన కాంట్రాక్టర్ల సంగతి మా బంధువుల ఇళ్లలో విన్నాను కాబట్టి, ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ ఆసుపత్రులకే అందాలని ఏప్రిల్ 22 నుంచి చాలా పరిశ్రమలకి సరఫరా ఆపేశారు. మా గేటు, మెట్ల రెయిలింగ్ ఆక్సిజన్‌తో చేసే గ్యాస్ కటింగ్ దగ్గర నిలిచిపోయాయి. సరైన నిర్ణయమే, మనుషులకి ఊపిరి అందని రోజులవి. వెల్డర్ చేత కటింగ్ మెషీన్‌తో కోయించి పని పూర్తి చేయించారు. డిజైన్ కొంచెం సాదా అయింది, మాకు అభ్యంతరం లేదు. మే నెల లాక్‌డౌన్‌లో పొద్దున ఆరు నుంచి పదిదాకానే దుకాణాలు. సామాను లిస్టు ముందు రోజు రాత్రే ఫోన్లో చెప్పి, ఏడింటికల్లా ఆటో ట్రాలీ సైట్‌కి తెప్పించేవారు.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పై గది గిలాబు (ప్లాస్టరింగ్) హడావిడిగా చేయించారు. కిటికీల మూలల్లో సన్నని పగుళ్లు వచ్చాయి. చెప్పాక సరిచేశారు గానీ రంగు తేడా కనిపిస్తోంది. కరెంటు పనికి పెట్టిన మనిషి నెలల తరబడి తిప్పించాడు. అన్నిటికంటే పెద్ద లోటు, ఆయన కూలీల్లో ఒక్కరికీ అప్పటికి లేబర్ కార్డు, అంటే కార్మికుడిగా నమోదైనట్టు ఇచ్చే కార్డు, లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి నుంచి నమోదైన వాళ్ల ఖాతాల్లో డబ్బు వేయమని 2020 మార్చిలోనే కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. కార్డు లేకపోతే అది అడిగే వీలే లేదు. ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్న మనిషి అది ముందే చేయించి ఉండాల్సింది. తర్వాత పాలమూరు వాళ్లకి చేయించారు.

ఆయనకి పని ఇచ్చేవాళ్లు ఇనుము, సిమెంట్ ధర మారితే ఎవరి వాటా ఎంతో, పని ఆగిన రోజుల్లో సెంట్రింగ్ కిరాయి ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. అడిగితే ఏమీ అనుకోరు. ఇప్పుడు ఒకేసారి రెండిళ్లకి మించి ఒప్పుకోవడం లేదు, కాబట్టి ముగ్గు పోయడానికి నాలుగైదు నెలల ముందే మాట్లాడుకోవాలి.