బంగారం తాకట్టా, చెల్లింపుల నిలుపుదలా?

విదేశీ మారకం అడుగంటినప్పుడు 1991లో భారత్ మొదటి దారి పట్టింది. 2022లో శ్రీలంకకు రెండోదే మిగిలింది.

ఖర్చు: పి.వి. నరసింహారావు ప్రభుత్వం దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువబెట్టి, రూపాయి విలువను రెండు విడతల్లో తగ్గించి, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) రుణం తీసుకుంటూనే పాత అప్పుల వాయిదా తప్పనివ్వలేదు. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసిన శ్రీలంక, ఉన్న కొద్ది డాలర్లను ఇంధనానికీ మందులకూ మళ్లించినా, మార్కెట్లో కొత్త అప్పు పుట్టలేదు.

శ్రమ: తాకట్టు వారాల్లో ముగిసింది, రుణదాతలతో బేరాలు ఏళ్లు పట్టాయి.

ముప్పు: ఒకచోట పరువు పోయిందన్న నింద, మరోచోట అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశమే విడిచి రాజీనామా చేశారు. నిజానికి ఆయన్ను ముంచింది నిలుపుదల కాదు, ఐఎంఎఫ్ తలుపు తట్టడంలో జరిగిన జాప్యం.

కొరత తాత్కాలికమై, తీర్చే స్తోమత ఉంటే తాకట్టు తగినది. అప్పే మోయలేనిదైతే నిలుపుదల మేలు, అదీ నిల్వలు పూర్తిగా కరిగేలోపే.