పాత మోటారు బోటులో నీళ్ల లీకు: బెల్లోస్, సీలెంట్, బిల్జ్ పంపు కొన్నేళ్లు వాడాక

మా బోటు తొంభైల నాటి ఫైబర్‌గ్లాస్ బౌరైడర్, అంటే ముందు భాగంలో కూడా సీట్లుండే రకం. ఇంజిను లోపల ఉండి, ప్రొపెల్లర్ ఉండే భాగం, అంటే డ్రైవ్, బోటు వెనక నుంచి నీళ్లలోకి దిగే స్టెర్న్‌డ్రైవ్ రకం. డాలస్‌కి ఉత్తరాన ఉన్న లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుతాం. కొన్న కొత్తలోనే ఇంజిను కింద, బిల్జ్‌లో, అంటే బోటు అడుగు పల్లంలో, నీళ్లు చేరడం మొదలైంది. ఆ లీకు పట్టుకుని బాగుచేసి కొన్ని సీజన్లు గడిచాయి. అప్పుడు వాడిన వాటిలో ఏది నిలబడిందో, ఏది డబ్బు దండగో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

అందరూ ముందుగా అడిగేది ఏ సీలెంట్ కొనాలని. నా దృష్టిలో అది ఆఖరి ప్రశ్న. నీళ్లు ఎప్పుడు వస్తున్నాయన్నది మొదట తేలాలి. బోటు ఊరికే కట్టేసి ఉన్నప్పుడా? ఇంజిను నడుస్తున్నప్పుడా? అలల్లో స్పీడుగా పోయినప్పుడా? ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. ఇది తేలకుండా ట్యూబు పట్టుకుని కనిపించిన సందుకల్లా పూస్తే, లీకు అలాగే ఉంటుంది, చేతులు మాత్రం తెల్లగా అవుతాయి.

నీళ్లు ఎన్ని వస్తున్నాయో కొలవడానికి టెక్సస్ చట్టమే కలిసొచ్చింది. జీబ్రా మసెల్స్ అనే చిన్న గుల్లపురుగులు ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకకుండా, బయటికొచ్చేటప్పుడు బోటులో నీళ్లన్నీ వదిలేయాలని 2014 నుంచి రాష్ట్రమంతా నిబంధన ఉంది. ఎలాగూ ర్యాంపు దగ్గర డ్రెయిన్ ప్లగ్ తీయాలి కదా, బిల్జ్‌లో నీళ్లు బయటికి తోడే పంపును ఆపి ఉంచి, ప్లగ్ కింద ఒక బకెట్ పెట్టండి. ఎంత నీరు, ఎంతసేపు నీళ్లలో ఉంటే చేరిందో ఒక పుస్తకంలో రాసుకోండి. నీటి మీద నూనె తెట్టు ఉంటే మాత్రం నేల మీద వదలకూడదు, ముందు ఆయిల్ పీల్చే ప్యాడ్లు వేసి తీసేయాలి.

ఇంటి దగ్గర ట్రైలర్ మీదే డ్రైవ్‌ నీళ్లు పీల్చుకునే చోట మఫ్స్ అనే రబ్బరు కప్పులు తగిలించి, తోట పైపుతో నీళ్లిచ్చి ఇంజిను నడిపాను. హోసులు, వాటర్ పంపు, మానిఫోల్డ్ అన్నీ పొడిగా ఉన్నాయి. అంటే కూలింగ్ వైపు తప్పు లేదు. తర్వాత బోటును నీళ్లలో దింపి ఇంజిను ఆపి, ట్రాన్సమ్ లోపలి వైపు, అంటే వెనక గోడకి, మామూలు టాల్కం పౌడర్ చల్లి టార్చి వేసి కూర్చున్నాను. ఈ పౌడర్ పద్ధతికి నేను పూర్తి మార్కులు వేస్తాను. బిల్జ్ అంతా తడిగా ఉంటే ఏ చుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో కంటికి ఆనదు. తెల్లని పొడిలో మాత్రం సన్నని తడి గీత మొదలైన చోటు స్పష్టంగా తెలిసిపోతుంది. మా బోటులో ఆ గీత డ్రైవ్ షాఫ్ట్ లోపలికొచ్చే చోటు నుంచి బయల్దేరింది. డ్రైవ్ కిందికి ఉన్నంతసేపు దాదాపు ఏమీ లేదు. పైకి లేపి పక్కకి తిప్పగానే గీత కారడం మొదలైంది.

దానికి కారణం యూ-జాయింట్ బెల్లోస్. అకార్డియన్‌లా మడతలు మడతలుగా ఉండే రబ్బరు గొట్టం అది. డ్రైవ్ అటూ ఇటూ తిరిగినా నీళ్లు షాఫ్ట్ దారిన లోపలికి రాకుండా ఆపడం దాని పని. పైనుంచి చూస్తే నల్లగా, కొత్తదానిలాగే ఉంది. డ్రైవ్ పూర్తిగా ఎత్తి, పక్కకి తిప్పి, కింద పడుకుని వేలితో ఒక్కో మడత విప్పి చూస్తే, అడుగు వైపు ఒక మడత లోయలో గోరంత పొడవున పగులు. వేలు తీయగానే మూసుకుపోయింది. లీకు ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోవడం ఎందుకో అక్కడ అర్థమైంది.

డ్రైవ్ దించడం ఒక్కరి వల్ల కాదు, బరువెక్కువ. "బావా, ఒక చెయ్యి వెయ్యి" అని పిలిస్తే మా బావ వచ్చి, సాయంత్రం వరకూ ఉండిపోయాడు. బెల్లోస్ ఒక్కటే మార్చి ఊరుకోకండి. నీళ్లు దాని వెనక షాఫ్ట్‌ని పట్టి ఉంచే గింబల్ బేరింగ్‌లోకి పోయి తుప్పు పట్టిస్తాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు గరగరమంటే అదే. డ్రైవ్ దించినప్పుడే గేరు మార్చే షిఫ్ట్ కేబుల్ బెల్లోస్‌ కూడా మార్చేయాలి. చిన్నదే అయినా, అది పగిలినా నీళ్లు నేరుగా లోపలికే వస్తాయి. ఎగ్జాస్ట్ బెల్లోస్ పగిలితే చప్పుడు పెరుగుతుంది గానీ బోటులోకి నీళ్లు రావు, తొందరపడనక్కర్లేదు. తిరిగి బిగించే ముందు అలైన్‌మెంట్ బార్ పెట్టి ఇంజిను వరస చూడాలి. బార్ బలవంతం లేకుండా లోపలికి జారాలి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే ఇంజినునీ షాఫ్ట్‌నీ కలిపే కప్లర్ అరిగిపోతుంది. అప్పుడు మార్చిన బెల్లోస్ మాత్రం ఇప్పటికీ పొడిగా ఉన్నాయి. ఏటా ఆ మడతలు విప్పి చూస్తాను.

బిల్జ్ పంపు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఆటోమేటిక్ పంపు ఉంటే లీకు గురించి టెన్షన్ లేదనుకుంటారు చాలామంది. నీటి మట్టానికి ఒక అడుగు కింద అంగుళం చిల్లు పడితే నిమిషానికి పది గ్యాలన్లకు పైగానే నీళ్లు వస్తాయి. పంపు మీద గంటకి 500 గ్యాలన్లని రాసి ఉంటే, నిమిషానికి ఎనిమిది చిల్లర. అదీ పైపు ఎత్తు, బ్యాటరీ నీరసం లెక్కలోకి తీసుకోకుండా వేసిన లెక్క. పంపు అవసరమే, పెద్దది పెట్టుకోవాలి కూడా. కానీ అది ఆగకుండా తిరుగుతూ ఉంటే లీకుని దాచిపెడుతున్నట్టే. నేను పంపు వైరుకి డ్యాష్‌బోర్డులో ఒక చిన్న లైటు కలిపాను. తిరిగిన ప్రతిసారీ వెలుగుతుంది. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా చవకైనదీ, నాకు అన్నిటికన్నా నచ్చిందీ అదే.

సీలెంట్ల సంగతికొస్తే, నీటి లోతు చూపే పాత డెప్త్ ఫైండర్ తీసేసిన చోట ట్రాన్సమ్‌కి స్క్రూ చిల్లులు మిగిలాయి. ఎవరో బాత్రూమ్ సిలికాన్ నింపి వదిలేశారు. అది ఫైబర్‌గ్లాస్‌ని సరిగ్గా పట్టుకోదు, పైగా దాని పొర మిగిలితే ఆ చోట వేరే సీలెంటూ అంటుకోదు. గీకి, శుభ్రం చేసి, చిల్లులో లోపలి ప్లైవుడ్ పొడిగా ఉందని చూసుకుని ఎపాక్సీ నింపాను. డ్రిల్ మొనకి వచ్చిన పొట్టు లేతరంగులో పొడిగా ఉంటే చెక్క బాగున్నట్టు, గోధుమరంగులో తడిగా ముద్దగా వస్తే కుళ్లినట్టు. మాది పొడిగానే వచ్చింది. ఒక షాపువాళ్లు చూడకుండానే ట్రాన్సమ్ మొత్తం మార్చాలని పెద్ద అంకె చెప్పారు. ఎవరికైనా నా సలహా, చెక్క పొట్టు చూపించమని అడగండి.

కొత్త ఫిట్టింగులకి 3ఎమ్ 4200 అనే బోటు సీలెంట్ వాడాను. మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సిన చోటికి అదే సరైనది. అదే కంపెనీ 5200 కూడా మంచి సరుకే, కానీ పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా తీసుకుంటుంది, పట్టిందంటే శాశ్వతం. విప్పబోతే జెల్‌కోట్, అంటే ఫైబర్‌గ్లాస్ మీది నున్నని పై పొర, ఊడొస్తుంది. ఎప్పటికీ విప్పక్కర్లేని అతుకుకే దాన్ని ఉంచండి.

ఇప్పటికీ మిగిలింది ఒకటుంది. జనం ఎక్కువై, గాలికి అలలు లేచిన రోజున బోటు ముందు వైపు రబ్ రెయిల్, అంటే అంచు చుట్టూ ఉండే రక్షణ పట్టీ, సందుల్లోంచి కొన్ని చుక్కలు వస్తాయి. అది నీటి మట్టానికి పైన కాబట్టి ప్రమాదం లేదు. రెయిల్ విప్పి స్క్రూ స్క్రూకీ సీలెంట్ పెట్టాలి, వచ్చే చలికాలంలో చేస్తాను. బోటు షెడ్డులో పెట్టేటప్పుడు డ్రైవ్‌ని మాత్రం కిందికే దించి ఉంచండి. పైకెత్తి నెలలు వదిలేస్తే బెల్లోస్ మడతలు అదే ఆకారంలో గట్టిపడి, అక్కడే పగుళ్లు మొదలవుతాయి.