మూడేళ్లుగా ప్రైవసీ బ్యాడ్జర్: కావలి నెట్ సెంటర్ అనుభవం

కావలిలో మాది రెండు కంప్యూటర్ల నెట్ సెంటర్. మూడేళ్ల కిందట ఒక పెద్దాయన వచ్చి మొలల వైద్యం గురించి వెతికించుకుని వెళ్లాడు. ఆయన లేచిన కుర్చీలో హాల్‌టికెట్ ప్రింటు కోసం ఒక డిగ్రీ అమ్మాయి కూర్చుంది. ఏ పేజీ తెరిచినా పక్కన మొలల ప్రకటనలే. ఆ పిల్ల తల దించుకుంది, నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆ రాత్రే రెండింటిలోనూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి, దానికి ప్రైవసీ బ్యాడ్జర్ తగిలించాను.

అమెరికాలోని ఈఎఫ్ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ ఉచితంగా ఇచ్చే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఇది. తెరిచిన ప్రతి సైటుకూ ‘ఈ మనిషి వివరాలు అమ్మొద్దు, పంచొద్దు’ అని గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ సంకేతం పంపుతుంది. సైటు నుంచి సైటుకు మన వెంటపడే ట్రాకర్లను ఆపుతుంది కూడా.

సంకేతం మీద నాకు పెద్ద ఆశ లేదు. కాలిఫోర్నియాలో దాన్ని మన్నించి తీరాలి. మన్నించలేదన్న ఆరోపణ కూడా ఉన్న కేసులో 2022లో సెఫోరా అనే సౌందర్య సాధనాల కంపెనీ 12 లక్షల డాలర్లు కట్టింది. మన 2023 డేటా రక్షణ చట్టంలో దాని ఊసే లేదు. ఇలాంటివి ముందూ చూశాం. పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్ ఉన్న రోజుల్లో పీ3పీ అనే ఏర్పాటు ఉండేది. మన వివరాలతో తన పద్ధతి ఏమిటో సైటు చెప్పుకుంటే, మనం పెట్టుకున్న మీటను బట్టి బ్రౌజర్ కుకీలను (మనల్ని గుర్తుపట్టడానికి సైటు మన కంప్యూటర్లో దాచే చిన్న ఫైళ్లు) రానిచ్చేది. రానివ్వకపోతే కింద ఎర్ర గుర్తుతో కన్ను బొమ్మ. అది చూసి వైరస్ అని లేచిపోయినవాళ్లున్నారు! తర్వాత వచ్చిన ‘డూ నాట్ ట్రాక్’ (నా వెంట పడొద్దు) సంకేతాన్నీ విన్న సైట్లు తక్కువే. 2025లో ఫైర్‌ఫాక్స్ ఆ మీటే పీకేసింది.

నాకు పనికొచ్చింది ట్రాకర్లను ఆపడమే. కాకపోతే అప్పుడప్పుడు అవసరమైనదాన్నీ ఆపేస్తుంది. ఒక పరీక్ష ఫీజుకు చివరి రోజు, రాత్రి పదకొండు దాటింది, మనం మనిషేనని తేల్చే క్యాప్చా పెట్టె రాదు. “అన్నా, తిరగతానే ఉండాది” అని కుర్రాడు టెన్షన్ పడుతున్నాడు. బ్యాడ్జర్ బొమ్మ నొక్కితే ఆ పేజీలోకి వచ్చే ఇతర సైట్ల జాబితా వచ్చింది, ఒక్కో దాని పక్కన ఒక జరిపే మీట. ఎరుపు అంటే పూర్తిగా ఆపింది, పసుపు అంటే కుకీలు మాత్రం ఆపింది, పచ్చ అంటే వదిలేసింది. క్యాప్చాది ఎరుపులో ఉంది. పసుపుకు జరిపి పేజీ మళ్లీ తెరిస్తే వచ్చేసింది. ఇంత చేయడం తెలియనివాళ్ల ఇంట్లో ఇది పెట్టమని నేను చెప్పను.

మొలల ప్రకటనలు పోయిన ఘనత మొత్తం దీనిది కాదు. ఫైర్‌ఫాక్స్ మూయగానే కుకీలు చెరిగిపోయేలా కూడా పెట్టాను, మనిషి మారినప్పుడల్లా మూసి తెరుస్తాను. ప్రకటనలన్నీ పోతాయనీ అనుకోవద్దు. వెంటపడనివి వస్తూనే ఉంటాయి. ఫోన్లో యాప్‌ల జోలికి ఇది అసలు పోదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి క్యాప్చా రాత్రికి.