శుభలేఖల కోసం తిరుపతి పోతే మూడు రోజుల పని ఐదు రోజులైంది

ముందే చెప్పేస్తున్నా. శుభలేఖల ప్రూఫు, అంటే అచ్చుకు ముందు చూపించే నమూనా, వాట్సాప్‌లో వస్తే దాన్ని చూసి ఓకే అనొద్దు. మేము అన్నాం. ఆ ఒక్క ఓకేకి ఆరు వేల రూపాయలు పోయాయి, రెండు రోజులు పోయాయి, చిన్నమ్మ మా అమ్మతో ఒక పూటంతా మాట్లాడలేదు.

మాది అనంతపురం. తమ్ముడి పెళ్ళికి ఇంకా నలభై రోజులుంది. శుభలేఖలు మా ఊళ్ళోనే కొట్టించొచ్చు, కానీ చిన్నమ్మ పట్టుబట్టింది. తిరుపతిలో రకాలు ఎక్కువుంటాయి, ఆమె తోడికోడలు కూతురి పెళ్ళికి అక్కడే తీసుకున్నారు, పైగా మొదటి పత్రిక స్వామి దగ్గర పెట్టేసి రావచ్చు, ఒకే ప్రయాణంలో రెండు పనులు. వినడానికి బాగానే ఉంది కదా, నలుగురం బయల్దేరాం. అమ్మ, చిన్నమ్మ, నేను, తమ్ముడు. వాడు వచ్చాడనే గానీ దారంతా ఫోన్లోనే ఉన్నాడు.

లాడ్జి గురించి ఒక్కసారి తిట్టుకుని ముందుకు పోతాను. బస్టాండుకు దగ్గరని ఆన్‌లైన్‌లో 1,400కి బుక్ చేశాం. కౌంటర్ దగ్గరికి పోయాక ముగ్గురికే గది, నాలుగో మనిషికి 500 అన్నాడు. ఆ 500కి ఇచ్చింది ఒక పరుపు, దాని మీద దుప్పటి లేదు. వేడినీళ్ళు పొద్దున ఐదు నుంచి ఏడు దాకానే వస్తాయట, మేము లేచేసరికి ఏడుంబావు. అదైనా సర్దుకుంటాం గానీ, గది ఇచ్చేటప్పుడు ఇరవై నాలుగు గంటలు అన్నవాడు మర్నాడు పొద్దున ఎనిమిదికే తలుపు కొట్టి, ఖాళీ చేయండి, లేదంటే ఇంకో రోజు కట్టండి అన్నాడు. మేము దిగింది ముందురోజు మధ్యాహ్నం రెండింటికి! తిరుపతికి కుటుంబంతో పోయేవాళ్ళు ముందు టీటీడీ వాళ్ళ వసతి గృహాల్లో, బస్టాండు ఎదురుగా ఉన్న శ్రీనివాసంలోనో, రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసంలోనో గది దొరుకుతుందేమో చూసుకోండి. దొరక్కపోతేనే ఇలాంటివాటి జోలికి పోండి, పోయినా ఎప్పుడు ఖాళీ చేయాలో రసీదు మీద రాయించుకోండి.

మొదటి రోజు సాయంత్రమే పత్రికల దుకాణానికి పోయాం. పేరు చెప్పను. పెద్ద దుకాణం, ఏసీ, కూర్చోగానే బాదం పాలు. గోడ నిండా కార్డులే, మెరిసే కాగితం, లేజర్‌తో కోసిన నెమళ్ళు, బంగారు ఫాయిల్ వినాయకుడు. చాలామందికి తెలియనిదేమిటంటే ఆ కార్డుల్లో ఎక్కువ భాగం ఆ దుకాణంలో తయారయ్యేవి కావు. శివకాశి నుంచో, చెన్నై ఆండర్సన్ స్ట్రీట్ నుంచో బొమ్మతో సహా తయారై వస్తాయి. ఇక్కడ వేసేది మన పేర్లు, ముహూర్తం, భోజనాల సంగతి, అంతే. అంటే మనం కార్డుకు కట్టే డబ్బు వేరు, అక్షరాలకు కట్టేది వేరు. వాళ్ళు మాత్రం కార్డు ధర ఒక్కటే చెప్తారు.

మేము తీసుకున్నది 42 రూపాయల కార్డు, 350 కావాలన్నాం, 14,700. మా చిన్నమ్మ బేరమాడి 40కి దించానని మురిసిపోతుండగా బిల్లు రాశాడు. కార్డు 42గానే ఉంది, "తగ్గింపు దారంలో ఇచ్చినామమ్మా" అన్నాడు. ప్రింటింగుకు కార్డుకు 6 చొప్పున 2,100, దారం కట్టి లోపలి కాగితాలు పెట్టినందుకు 2 చొప్పున 700, రెండు రోజుల్లో కావాలన్నందుకు అర్జంటు అని 1,500. మొత్తం 19,000. దారంలో తగ్గింపు ఏదో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. పదివేలు అడ్వాన్స్ కట్టాం.

మ్యాటర్ నేను ఫోన్లో శుభ్రంగా టైప్ చేసి పంపాను. అదే నా తెలివితక్కువతనం. డీటీపీ వాళ్ళు, అంటే కంప్యూటర్లో మ్యాటర్ కొట్టేవాళ్ళు, చాలామంది ఇంకా 'అను' అనే పాతరకం ఫాంట్లలోనే పని చేస్తారు, ఫోన్లో మనం కొట్టేది యూనికోడ్ అనే వేరే పద్ధతి, దాన్ని తీసుకెళ్ళి అతికిస్తే అక్షరాలన్నీ చెల్లాచెదురవుతాయి. అందుకని ఆ కుర్రాడు మొత్తం మళ్ళీ టైప్ చేశాడు. మళ్ళీ టైప్ చేశాడంటేనే మళ్ళీ తప్పులు పడతాయని అర్థం. ప్రూఫు ఫోటో పంపాడు, 'వధువు'లో ధ బదులు ద పడింది. అదొక్కటి సరిచేస్తే ఓకే అని నేనే మెసేజ్ పెట్టాను.

రెండో రోజు కొండ మీదికి పోయాం. 300 టికెట్టు, దర్శనం హాయిగా అయింది, వెంగమాంబ సత్రంలో భోంచేసి సాయంత్రానికి దిగొచ్చాం.

మూడో రోజు సాయంత్రం పెట్టెలు తెరిచాం. ధ సరిగ్గానే ఉంది. మా ముహూర్తం బుధవారం రాత్రి 3 గంటల 48 నిమిషాలకు, పక్కన బ్రాకెట్లో 'తెల్లవారితే గురువారం' అని ఉండాలి. మన పంచాంగం ప్రకారం వారం సూర్యోదయానికి మారుతుంది, అర్ధరాత్రికి కాదు, అందుకే శుభలేఖల్లో అలా రాస్తారు. కార్డులో ఏముందంటే 'గురువారం రాత్రి 3.48'. బ్రాకెట్ లేదు. 350 కార్డుల్లోనూ అంతే. దాన్ని నమ్ముకుని ఒక రోజు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మండపంలో కుర్చీలు కూడా మిగలవు.

కుర్రాణ్ణి అడిగితే ఏమన్నాడో తెలుసా. "పన్నెండు దాటితే గురువారమే కదా మేడమ్, మీరు తప్పు రాసినారని నేనే సరిచేసినా. ఆ బ్రాకెట్టు పెడితే లైను కిందికి పోతా ఉండాది." ఓనరేమో ఫోను తీసి నా మెసేజ్ చూపించాడు, "ఓకే అన్నారు కదమ్మా." సరిచేశాక మళ్ళీ చూపించలేదు కదా అంటే, ఒక అక్షరానికి మళ్ళీ ఎవరు చూపిస్తారంటాడు. సగం ధరకు మళ్ళీ కొట్టిస్తాడట, లేకపోతే ఆ లైను మీద స్టిక్కరు అంటిస్తాడట. శుభలేఖ మీద స్టిక్కరు అనగానే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గంటన్నర గొడవయ్యాక నాలుగు వేలు తిరిగిచ్చాడు, మిగతా ఆరు వేలకు ఏమొచ్చాయంటే 350 ఖాళీ కవర్లు. అవి మాత్రం బాగున్నాయి.

లాడ్జికి తిరిగొచ్చేదారిలో చిన్నమ్మ నోరు విప్పలేదు. దుకాణం చెప్పింది తనే కదా. తమ్ముడు మాత్రం, "పత్రికలెందుకక్కా, అందరికీ వాట్సాప్ పెడదాం" అన్నాడు. అమ్మ చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాలుగో రోజు మనసేం బాగాలేక శ్రీకాళహస్తి పోదామనుకున్నాం, ఎటూ 36 కిలోమీటర్లే. దర్శనం అయ్యాక, అమ్మ పాత కలంకారీ చీర గుర్తొచ్చి, గీసేవాళ్ళ ఇల్లు ఎక్కడో అడుక్కుంటూ ఒక సందులోకి పోయాం. ఈ మొత్తం ప్రయాణంలో నాకు మిగిలింది ఆ ఇల్లే. పెద్దాయన వరండాలో గుడ్డ పరుచుకుని గీస్తున్నాడు. వెదురు పుల్ల, దాని మధ్యలో దారం చుట్టిన గుడ్డ ఉండ, దాన్ని నొక్కుతుంటే సిరా కొద్దికొద్దిగా మొనలోకి దిగుతుంది. ఆ నల్లసిరా తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టింది, కసిమి అంటారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. కరక్కాయ తగలబట్టి ఆ సిరా నల్లబడి పట్టుకుంటుంది, పాల జిడ్డు వల్ల గీత పాకదు.

నేను తెలివిగా, ఏదైనా అచ్చు ఉంటే ఇవ్వండి, కార్డుల మీద మేమే వేసుకుంటాం అన్నాను. ఆయన నవ్వాడు. "అచ్చులు మచిలీపట్నం వాళ్ళవి తల్లీ, మాది చేత్తో గీసేదే." కాగితం మీద 350 గీయమంటే ఏడాది పడుతుందన్నాడు. చివరికి ఆయనే దారి చెప్పాడు. ఒక్కటి గీస్తా, దాన్ని స్కాన్ చేయించుకోండి, కానీ అచ్చేసుకోడానిక్కూడా కలిపి డబ్బివ్వండి, ఊరికే ఫోటో తీసుకుపోతే మాకేం మిగుల్తుంది అన్నాడు. న్యాయమే. అడుగు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు గుడ్డ ముక్క మీద మామిడి కొమ్మ, రెండు చిలకలు, నలుపు గీతల్లోనే. రంగులు వేస్తే ఉడకబెట్టి ఉతకాలి, రోజులు పడుతుంది. 2,500 తీసుకున్నాడు. గీసేంతసేపూ రెండు గంటలు అమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. వాళ్ళావిడ మాకు సంగటి, గోంగూర పప్పు, చెనక్కాయల ఊరిబిండి పెట్టింది, డబ్బు తీసుకోమంటే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. తిరుపతిలో 180 పెట్టి తిన్న భోజనం దీని ముందు ఎందుకూ పనికిరాదు. చిన్నమ్మ నోరు తెరిచింది కూడా అక్కడే, ఇంకొంచెం ఊరిబిండి అడగడానికి.

సాయంత్రం తిరుపతిలో క్రీమ్ రంగు బోర్డు కొన్నాం, 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం 250 గ్రాములు తూగే మందం), ఏ4 షీటు 12 రూపాయలు, 175 షీట్లు. సగానికి కోయిస్తే 350. మడత పెట్టే పత్రిక అయితే కాగితం నార ఎటుందో చూసి కోయించండి, నార వెంబడి మడిస్తే నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే అంచు చిట్లుతుంది. దుకాణంవాడు చెప్పడు, ఒక షీటు రెండు వైపులా వంచి చూస్తే తెలిసిపోతుంది. ఏ వైపు తేలిగ్గా వంగితే మడత అటే రావాలి.

ఐదో రోజు చిత్తూరు. మొదటి పత్రిక కాణిపాకం వినాయకుడికి పెట్టాలని అమ్మ మొక్కు. చిత్తూరులో బస్టాండు వెనక సందులో స్క్రీన్ ప్రింటింగ్ చేసే ముసలాయన ఉన్నాడని కలంకారీ ఆయనే చెప్పి పంపాడు. చిన్న రేకుల షెడ్డు, ఏసీ లేదు, బాదం పాలు లేవు. మ్యాటర్ మళ్ళీ టైప్ చేయించాడు, కాగితం మీద ప్రూఫు తీసి అమ్మ చేతికిచ్చి, "కింది లైను కాడ్నుంచి పైకి చదవండమ్మా, పైనుంచి చదివితే తప్పు కనపడదు" అన్నాడు. అమ్మ అలాగే చదివింది, ఒక దీర్ఘం దొరికింది. సరిచేసి మళ్ళీ ప్రూఫు తీశాడు, మళ్ళీ చదివించాడు, సంతకం పెట్టించుకున్నాడు. ముహూర్తం లైను చూసి ఆయనే, "తెల్లవారితే గురువారం, అంతే కదమ్మా?" అన్నాడు. నాకు ఆ మనిషి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఫిల్ము, స్క్రీను కలిపి 600, ఒక్కో కార్డుకు 4 చొప్పున 1,400, ఒకటే రంగు, కుంకుమ ఎరుపు. మొదటి కార్డు తీయగానే మాకిచ్చి, ఇది స్వామికి పెట్టి రండి, వచ్చేలోపు మిగతావి ఆరిపోతాయి అన్నాడు. సిరా ఇంకా తడి. కాణిపాకం దాకా ఆటోలో అమ్మ దాన్ని అరచేతి మీద ప్రసాదంలా పట్టుకునే కూర్చుంది, బ్రేకు పడ్డప్పుడల్లా తమ్ముడు అమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. ఫోను జేబులోనే ఉంది, నేను చూశాను.

ఇంటికొచ్చాక చిలకల ముక్కను స్కాన్ చేయించి, మడిచిన పత్రిక చుట్టూ తొడగడానికి ఏ3 కాగితం మీద పదేసి పట్టీలు కలర్ ప్రింటు తీయించాం. షీటు 30 చొప్పున 35 షీట్లకు 1,050. గుడ్డ నేత కూడా కాగితం మీద కనపడేలా వచ్చింది. మడత గీతకు సిరా అయిపోయిన బాల్‌పెన్ను, స్కేలు చాలు. పట్టీ అతికించడానికి మైదా జిగురు వాడితే కాగితం ముడతలు పడింది, పాతిక పాడయ్యాక రెండువైపుల టేపుకు మారాం. టేపు ఇంట్లోనే ఉంది, కొన్నది 180 రూపాయల పసుపు దారం ఒక్కటే. పట్టీ జరిపితే పత్రిక తెరుచుకుంటుంది.

అన్నీ కలిపి 7,830. ఒక్కో పత్రికకు 22 రూపాయల చిల్లర. దుకాణంలో పోయిన ఆరు వేలు కలుపుకున్నా ఆ 19,000 కన్నా తక్కువే. పాత కార్డు తూస్తే డెబ్భై గ్రాములు దాటింది, ఇది కవరుతో సహా ఇరవై లోపే, పోస్టు ఖర్చు కూడా మిగిలింది. కవర్లు పెద్ద కార్డుకు చేసినవి కాబట్టి లోపల పత్రిక కొంచెం ఆడుతుంది, పట్టించుకోలేదు. ఒకటి టీటీడీ కార్యనిర్వహణాధికారి, కె.టి. రోడ్డు, తిరుపతి 517501కి పోస్టు చేశాం. స్వామివారి తలంబ్రాలు, పసుపు కుంకుమ కవర్లో వచ్చాయి. ఇది కొండ దాకా మోసుకుపోనక్కర్లేదని ముందే తెలిసి ఉంటే చిన్నమ్మ మాట వినేదాన్నే కాదు.

చివర్న మూలలకు పసుపు పెట్టేటప్పుడు చిన్నమ్మ గిన్నెలు తోముతూ తోముతూ వచ్చి, సబ్బు చేతులతోనే మొదలుపెట్టింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది కదా, పద్నాలుగు పత్రికల మీద ఎర్రటి వేలిముద్రలు. అమ్మ ఏదో అనబోయేలోపే, "పారాణి పెట్టినట్టుంది లేక్కా" అంది. ఆ పద్నాలుగూ మా వైపు చుట్టాలకే పంచాం, పెళ్ళికూతురి వైపు పోనివ్వలేదు.